కాగితంలో దారం

మాస్టరు పోయాడన్న ఫోను నేను ఆఫీసులో ఉండగా వచ్చింది. చేసింది మొయినాబాద్ బస్టాపు పక్కన చాయ్ హోటలు నడిపే ఆయన. "అన్న, మన టైలర్ మాస్టర్ పోయిండు. పొద్దున చాయ్ తాగి కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే పోయిండు. నీకు చెప్పమని పెద్దమ్మ అన్నది" అని పెట్టేశాడు. అప్పుడు చూసుకుంటే ఒంటి మీద ఉన్నది ఆయన కుట్టిన చొక్కాయే. కాలరు కొస కాస్త పైకి లేచి ఉంటే వేలితో అణిచాను. ఆయన ఉండుంటే నా చెయ్యి పక్కకు తోసి తనే అణిచేవాడు.

మనిషి ఎదురుపడితే ఆయన ముందు ముఖం చూసేవాడు కాదు. భుజం కుట్టు చూసేవాడు. అది సరిగ్గా ఉంటేనే కళ్లు పైకెత్తి "వందనాలు" అనేవాడు. రెడీమేడ్ చొక్కా వేసుకున్నవాళ్లంటే ఆయనకు కోపం కాదు, జాలి. "పాపం, ఎవని కొలతనో తొడుక్కొని తిరుగుతున్నడు" అని నిజంగానే బాధపడేవాడు. నాది ముడిమ్యాల. హైటెక్ సిటీలో ఉద్యోగం దొరికాక రోజూ ఊరి నుంచి వచ్చిపోలేక మొయినాబాద్‌లో కిరాయికి గది తీసుకున్నాను. మెహిదీపట్నం బస్సు ఆగేది ఆయన దుకాణం ముందే. మొదటి జీతంతో రెండు చొక్కాలు కుట్టించుకున్నప్పుడు, "లోపల జర బట్ట ఎక్కువనే ఉంచిన కొడుకా. గీ కంప్యూటర్ కొలువులకు పొట్ట తొందరగ వస్తది. గప్పుడు తే, ఇప్పి ఇస్త" అన్నాడు. ఏడాది తిరక్కుండా తెచ్చాను. ఆయన నవ్వలేదు. టేపు తీసి మెడలో వేసుకుని, చెప్పలేదా అన్నట్టు ఒక్కసారి చూశాడు.

ఆ రోజుల్లో ఆ రోడ్డు మీద ఏ దుకాణమైనా ఇంజనీరింగ్ కాలేజీ పిల్లల మీదే బతికేది. మాస్టరు దుకాణాన్ని ఆనుకుని ఒక జిరాక్సు దుకాణం ఉండేది. దాని ముందు ఎప్పుడూ గుంపే. పదో తరగతి మెమో, ఇంటరు మెమో, కులం సర్టిఫికెట్టు, ఏది చేతికొస్తే అది తెచ్చి లామినేషన్ చేయించుకునేవాళ్లు. అటూ ఇటూ ప్లాస్టిక్కు పెట్టి వేడి మిషనులోంచి లాగితే కాగితం గట్టిపడి, అద్దంలా మెరుస్తూ బయటికొచ్చేది. ఇక చెమట తగలదు, చెద పట్టదు, వానకు తడవదు. మా నాయన కూడా నా మెమోలన్నీ అట్లాగే చేయించి, ఇనప్పెట్టెలో బట్టల అడుగున పెట్టాడు. మా ఇళ్లల్లో ఒక కాగితాన్ని ప్రేమించడమంటే అదే.

మాస్టరు ప్రేమించిన కాగితాలు వేరే ఉన్నాయి. అవి పాతకాలపు స్టాంపులు. మా తాతలకు తాతలు బతికున్న రోజుల్లో జర్మనీ వైపు చిన్న చిన్న రాజ్యాలు అచ్చేసినవి. ఆయన చిన్నప్పుడు మిషన్ దవాఖానలో ఒక జర్మన్ డాక్టరమ్మ ఉండేదట. మాస్టరు వాళ్ల నాయన ఆమెకు గౌన్లు, దవాఖానకు పరదాలు కుట్టేవాడు. ఆమె స్వదేశం పోయేటప్పుడు తన తాత దాచుకున్న స్టాంపుల పుస్తకాన్ని ఈయన చేతిలో పెట్టి పోయింది. ఆమె దగ్గరకు పోయినప్పుడల్లా ఆ పుస్తకం ముందు నిలబడిపోయిన పిల్లవాడు ఈయన ఒక్కడేనట. తర్వాత ఆయన సొంతంగా కూడా కొన్ని సంపాదించాడు. ఎట్లా సంపాదించాడని అడిగితే, "కుట్టుకున్న" అని మాట దాటేసేవాడు.

ఆ పుస్తకం చూపించడమంటే చిన్న పూజ లాంటిది. చర్చికి పోయే మనిషి దగ్గర పూజ అంటే ఒప్పుకోడు గానీ, అదంతే. ముందు చేతులు సబ్బుతో కడుక్కుని, గంజి పెట్టని గుడ్డతో తుడుచుకునేవాడు. షట్టరు సగం దించేవాడు. "ఫ్యాన్ బంద్ జెయ్యి" అనేవాడు. నేను వంగితే, "ఊపిరి జర అటు తిరిగి ఇడువు" అనేవాడు. దుకాణం వెనక గదిలోనే కాపురం. పెద్దమ్మ, అంటే ఆయన భార్య, అక్కడ కూర్చుని చొక్కాలకు కాజాలు కుట్టి గుండీలు వేసేది. సరిగ్గా ఆ సమయానికే చాయ్ పట్టుకుని వచ్చేది. "ఆడ్నే ఉండు! ఇటు తేకు!" అని ఈయన గావుకేక. ఆమె గడప మీదే ఆగి నాతో, "నన్ను చేసుకోకముందే దాన్ని చేసుకున్నడు నాయనా. నేను రెండోదాన్ని" అనేది. నవ్వుతూనే అనేది. చాయ్ చల్లారేదాకా గడప మీదే నిలబడేది. ఇన్నేళ్లలో ఆమె ఒక్క స్టాంపును కూడా దగ్గరగా చూసి ఎరగదు.

ఇప్పటి స్టాంపులకు అంచున పళ్లుంటాయి. వాటికి ఉండవు. "గప్పుడు చించేటందుకు రంధ్రాలు ఎక్కడియి? పెద్ద కాగితం మీద అచ్చేస్తే, పోస్టాఫీసు గుమాస్తా కత్తెర పట్టి ఒక్కొక్కటి కోసి ఇచ్చేటోడు" అని చెప్పాడు మాస్టరు. ఆయనకు నచ్చింది అదే. రాజుల బొమ్మల మీద, అంకెల మీద ఆయనకు పెద్ద ధ్యాస లేదు. చూసేదంతా కత్తెర పోయిన దారి. నాలుగు పక్కలా తెల్లటి అంచు సమంగా మిగిలితే ఆ గుమాస్తాను మెచ్చుకునేవాడు. "గీయన నిదానమైన మనిషి. ఇంట్ల పోరు లేదు." ఒక గోధుమ రంగు స్టాంపుకు ఒక వైపు అంచు బొత్తిగా లేదు, బొమ్మ గీతే తెగిపోయింది. దానికి ఎప్పుడూ తిట్లే. "గీ హడావిడి గుమాస్తాను చూడు. పొద్దున పెండ్లాంతోని కొట్లాడి వచ్చిండు. నా దుకాణంల ఉంటే గీనికి కత్తెర ఇయ్యకపోతుంటి."

ఆ గోధుమ రంగు స్టాంపు, అట్లాంటివి ఇంకొన్ని, బవేరియా అనే రాజ్యానివి. మొదటిసారి వాటిలో ఒకదాన్ని చిన్న పట్టకారుతో ఎత్తి, వెనక్కి తిప్పి, షట్టరు కింద నుంచి వచ్చే వెలుగుకు పెట్టి నాకు చూపించినప్పుడు ఆయన గొంతు తగ్గింది.

"ఏమన్న కనబడుతున్నదా?"

కనబడింది. కాగితం లోపల, నిలువునా, సన్నటి ఎర్రటి గీత.

"గీత గాదు. దారం. పట్టుదారం. కాగితం చేసేటప్పుడే నడుమల పెట్టిండ్రు, దొంగ స్టాంపులు ఎవడూ చేయకుండ. ఆ రాజులు పోయిన్రు, ఆ రాజ్యం పోయింది. దారం మాత్రం తెగలే." ఒక దర్జీ చేతికి దారమున్న కాగితం దొరికితే అతను దాన్ని ఎట్లా చూసుకుంటాడో అట్లా చూసుకున్నాడు ఆయన. బయట రోడ్డు మీద జొన్న చేలు ఒక్కొక్కటే ఫాంహౌసులవుతున్నాయి, కాలేజీ బస్సులు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. ఆయన మాత్రం లేని రాజ్యం దారాన్ని ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

ఒకసారి దగ్గరలోని ఫాంహౌసు పెద్దమనిషి ఒకాయన ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చాడు. ఆయనకూ స్టాంపుల పిచ్చి ఉంది. మాటల్లో ఆ సంగతి వచ్చి మాస్టరు పుస్తకం తీశాడు. ఆ పెద్దమనిషి చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట. సిటీలో స్టాంపుల ప్రదర్శన జరగబోతోందని, వీటిని తెల్లటి అట్టల మీద వరుసగా అమర్చి తెస్తే తనే దగ్గరుండి పెట్టిస్తానని చెప్పి పోయాడు. ఆ రోజు సాయంత్రం బస్సు దిగిన నన్ను మాస్టరు చేయి పట్టుకుని లోపలికి లాగాడు. "నాకు బహుమతులు గిహుమతులు ఒద్దు కొడుకా. తెలిసినోళ్లు ఒక నలుగురు చూడాలె. ఒక్కపాలి చూస్తే సాలు. గిన్నేండ్లు నేనొక్కన్నే చూసుకున్న." అంతకు ముందు ఆయన ఏదైనా కావాలని అడగడం నేను వినలేదు.

అమర్చడానికి చాలా రోజులు పట్టింది. సన్నటి జిగురు కాగితం ముక్కలతో ఒక్కొక్కదాన్ని అట్టకు అతికించి, కింద నల్ల సిరాతో పేరు రాశాడు. అది ముసురు కాలం. దుకాణం రేకులు ఒకచోట కారేవి. ఆయనకు నిద్ర పట్టేది కాదు. లేచి అట్టలు ఈ మూల నుంచి ఆ మూలకు మార్చడం, "తేమ తగిలితే పోతయి, తడిస్తే పోతయి, పురుగు ముడితే పోతయి" అని గొణగడం. గోడ అవతల కాజాలు కుట్టుకుంటున్న పెద్దమ్మ ఆ మూడు మాటలే విన్నది. నాలుగోది, వేడి తగలకూడదన్నది, ఆయన ఎప్పుడూ అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు.

ప్రదర్శన శనివారం. నాకు సెలవు కాబట్టి ఆయన్ను నేను తీసుకుపోవాలని అనుకున్నాం. పొద్దున్నే వెళ్లేసరికి ఆయన తెల్లటి ధోవతి కట్టి, తన కోసం తనే కుట్టుకున్న కోటు వేసుకుని తయారుగా ఉన్నాడు. ముందురోజు పెళ్లి బట్టలు ఇవ్వడానికి చేవెళ్ల పోయి చీకటి పడ్డాక వచ్చాడట. లోపల నుంచి పెద్దమ్మ సంచి పట్టుకుని వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"కండ్లు మూసుకో" అంది ఆయనతో.

"గిదేందే చిన్నపోరగాండ్ల లెక్క?"

"మూసుకో అంటే మూసుకో."

మూసుకున్నాడు. ఆమె సంచిలోంచి అట్టలు తీసి బట్టలు కత్తిరించే బల్ల మీద వరుసగా పరిచింది. అవి తళతళ మెరుస్తున్నాయి. ముందురోజు ఆయన చేవెళ్లలో ఉండగా ఆమె అన్నిటినీ పక్క దుకాణానికి తీసుకుపోయి లామినేషన్ చేయించింది.

"ఇగ తియ్యి కండ్లు. ఇగ వాన కొట్టనీ, వరద రానీ, ఏం గావు. చాయ్ ఒలికినా తుడిస్తే పోతది."

ఆయన కళ్లు తెరిచాడు. రెండు చేతులూ ముందుకు వచ్చాయి, ఏదో కిందపడుతుంటే పట్టుకోబోయినట్టు. తర్వాత నెమ్మదిగా ఒక అట్ట తీసుకుని అటూ ఇటూ వంచాడు. వెలుతురుకు ఎత్తాడు. ఏం వెతుకుతున్నాడో నాకు తెలుసు. ఆ అట్ట వెనక నుంచి దారం కనబడదు. ఎన్నో వేల చొక్కాలు ఇస్త్రీ చేసిన మనిషి, వేడీ జిగురూ కలిస్తే ఏమవుతుందో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఎవలు చెప్పిన్రే నీకు?"

"ఎవలు చెప్తరు? నాకే తోసింది. తేమ తేమ అని నువ్వు నిద్ర వోతలేవు గద."

ఆమె ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడింది. మెచ్చుకుంటాడని చూస్తోంది. నేను ఎటు చూడాలో తెలియక క్యాలెండరు వైపు చూశాను.

"మంచిగ చేసినవే" అన్నాడు మాస్టరు. "గింత మంచి ఉపాయం నాకు తోచకపాయె. ఇగ ఫికరే లేదు."

ఆమె చాయ్ తెచ్చి, మొట్టమొదటిసారి, ఆ అట్టల పక్కనే బల్ల మీద పెట్టింది. ఆయన వద్దనలేదు. మిషను ముందు కూర్చుని కాలితో తొక్కడం మొదలుపెట్టాడు. సూది లేస్తోంది, దిగుతోంది. సూదిలో దారం లేదు.

బస్సులో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మెహిదీపట్నంలో దిగాక ఇంకో బస్సెక్కాలి. ఆయన ఎక్కనన్నాడు. రైతుబజారు గోడ వారగా ఒక అరుగు ఉంటే అక్కడ కూర్చున్నాడు. కోటు జేబులోంచి బ్లేడు తీశాడు. కుట్లు విప్పడానికి ఎప్పుడూ జేబులో పెట్టుకునే బ్లేడు అది. అట్టల్లో వెతికి, హడావిడి గుమాస్తా కోసిన స్టాంపును ఎంచుకున్నాడు.

"తిట్లు తిన్నోడే ముందుకు రావాలె" అన్నాడు. నవ్వబోయాడు గానీ రాలేదు.

స్టాంపు చుట్టూ ప్లాస్టిక్కును కోసి, ఒక మూల బ్లేడు కొసతో లేపాడు. పెళ్లికొడుకు కోటు కుట్లు విప్పుతున్నంత ఓపికగా లేపాడు. పై పొర లేచింది. దానితోపాటు స్టాంపు బొమ్మ కూడా లేచింది. రంగు, గీతలు, అంకె, అంతా ప్లాస్టిక్కుకు అంటుకుని వచ్చేసింది. కింద నూగులాంటి తెల్ల కాగితం మిగిలింది. అందులోంచి ఎర్రటి దారం ఊడి బయటికి వేలాడింది.

"ఎన్ని కుట్లు ఇప్పిన కొడుకా" అన్నాడు. "ఎవరెవరియో ఇప్పి మల్ల కుట్టిన. గిది ఇప్ప రాకపాయె."

అట్టలు ఒళ్లో పెట్టుకుని ఏడ్చాడు. కూరగాయలకు వచ్చినవాళ్లు ఆగి చూసి పోతున్నారు. నేను ఆయన వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. నాకు ఒళ్లు మండిపోతోంది. "ఆ జిరాక్సాయనకు ఒక్క మాట అడగబుద్ధి కాలేదా? పెద్దమ్మ అయినా మిమ్మల్ని అడగొద్దా?" అన్నాను.

ఆయన కోటు చేతితో ముఖం తుడుచుకున్నాడు. "ఆయన రోజు చేసే పని చేసిండు. ఆమె... ఇన్నేండ్లు ఆమెను గడప దాటనియ్యలే నేను. ఒక్కదినం పక్కన కూసోబెట్టుకొని, ఇది గిట్ల, దీనికి వేడి తగులొద్దు అని చెప్తే చేస్తుండెనా? పిచ్చిది, నాకోసం చేసింది. ఆమెకు తెలిస్తే తట్టుకోదు. నువ్వు చెప్పకు. నాకు మాట ఇయ్యి."

ఇచ్చాను. ఆయన ఆ ఎర్ర దారాన్ని వేలికి చుట్టి తీసి, చిరిగిన స్టాంపు ముక్కతో సహా నా చొక్కా జేబులో పెట్టాడు. "నా కాడ ఉంటే ఆమె కంట్ల పడుతది. నీ కాడ ఉండనీ" అన్నాడు. జేబు మూతిని వేలితో ఒత్తి సరిచేశాడు.

సాయంత్రం దాకా అక్కడే ఉండి తిరిగి వచ్చాం. పెద్దమ్మ దుకాణం మెట్ల మీద ఎదురుచూస్తోంది.

"ఏమన్నరు?"

"ఏమంటరు! అందరిదీ ఒక్కటే మాట. గింత మంచిగ ఎవలు భద్రం చేసిన్రు అని. మా ఇంటామె అని చెప్పిన."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత అట్టలు తిరగేస్తూ, "గీడ ఒకటి లేదేంది?" అని అడిగింది. ఆయన తడుముకోలేదు. "అది వాళ్లకు బాగ నచ్చింది. అడిగి తీసుకున్నరు. సిటీల అద్దాల పెట్టెల పెడ్తరట." ఆ రాత్రి గదికి పోయి నేను అన్నం తినలేదు. తర్వాత ఫాంహౌసు పెద్దమనిషి ఎందుకు రాలేదని అడగడానికి వస్తే, ఆ రోజు జ్వరం అని మాస్టరు చెప్పి పంపేశాడు. ఆయనకు మళ్లీ ఎప్పుడూ వాటిని చూపించలేదు.

ఆ తర్వాతే అసలు చిత్రం జరిగింది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక పెద్దమ్మ అట్టలన్నీ బల్ల మీద పరిచి తడిగుడ్డతో తుడిచేది. నిజంగా తడిగుడ్డతో. నేను మొదటిసారి చూసినప్పుడు కళ్లు తిప్పుకున్నాను. మాస్టరు మాత్రం పక్కన స్టూలు వేసుకుని, ఒక్కొక్క గుమాస్తా సంగతీ ఆమెకు చెప్పేవాడు. ఫ్యాన్ గిర్రున తిరుగుతూ ఉండేది. చాయ్ బల్ల మీదే ఉండేది. ఆమె త్వరగానే నేర్చుకుంది. సమంగా కోసినదాన్ని చూపించి, "గీయన నీ తీరు కాదు, నెమ్మది మనిషి" అనేది. ఒకరోజు బవేరియా స్టాంపు మీద వేలు పెట్టి, "దీని లోపల దారమున్నది" అని చెప్పాడు ఆయన. "ఏది, కనబడతలేదు" అంది. "ఇప్పుడు కనబడదు. లోపల ఉన్నది."

"నువ్వు చెప్తే ఉన్నట్టే" అంది ఆమె, తుడుస్తూ.

ఆమె లోపలికి పోయాక నా వైపు తిరిగి, "గిప్పుడు ఆమె చేతుల పట్టుకుంటది గద" అన్నాడు. అంత పెద్ద నష్టంలోంచి ఆయన దొరకబుచ్చుకున్నది ఆ ఒక్కటే.

ఫోను వచ్చిన రోజు నేను వెళ్లేసరికి శవపెట్టె దుకాణం ముందు షామియానా కింద ఉంది. ఆయనకు ఆ కోటే తొడిగారు. భుజం కుట్టు చూశాను. సరిగ్గా కూర్చుంది. చర్చి అయ్యగారు ప్రార్థన ముగించగానే పెద్దమ్మ లోపలికి పోయి అట్టలన్నీ తెచ్చింది.

"ఇవి ఆయనెంబడి పెట్టాలె" అంది.

సిటీ నుంచి వచ్చిన మాస్టరు అన్న కొడుకు అడ్డుపడ్డాడు. "చిన్నమ్మా, ఫారిన్ స్టాంపులంటే మాటలా? ఎవలకన్న చూపించినంక ఆలోచన చేద్దాం."

ఆమె నా వైపు తిరిగింది. "ఆ దినం ఆయనెంబడి పోయింది నువ్వు. నీకే ఎరుక. నువ్వు చెప్పు కొడుకా."

ఎవరికైనా చూపిస్తే మొదటి చూపులోనే చెప్పేస్తారు, ఇవన్నీ ఎట్లా పాడయ్యాయో, ఎవరు పాడుచేశారో. మెహిదీపట్నం అరుగు మీద ఆయన ఏడ్చినంత ఏడుపు ఈమెకు మిగులుతుంది. "మాస్టరు పానం వాటి మీదనే ఉండె. ఆయనెంబడే పోనీ పెద్దమ్మా" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. ఆ అబ్బాయి పక్కకు జరిగాడు.

ఆమె అట్టలను మాస్టరు చేతుల కింద పేర్చి, పైట కొంగుతో పైదాన్ని ఒకసారి తుడిచింది.

సమాధుల తోటకు చేరేసరికి తుంపర మొదలైంది. పెట్టె దింపుతుంటే వాన పెరిగింది. ఎవరో పెద్దమ్మకు గొడుగు పట్టారు. "వాన పడితే ఏమాయె" అంది ఆమె, గుంట వైపు చూస్తూ. "తడవయి. నేను లామినేషన్ చేయించిన."

మట్టి వేయడానికి అందరూ వరుసగా వస్తున్నారు. నేను పర్సు తీశాను. కంపెనీ ఐడీ కార్డు వెనక, ఆ రాత్రే జేబులోంచి తీసి దాచిన చిరిగిన ముక్క, ఎర్ర దారం అట్లాగే ఉన్నాయి. వాటిని పిడికిట్లోకి తీసుకుని, వంగి తడిమట్టి పట్టుకుని, పిడికిలి పెట్టె మీద విడిచాను. దారం ఎక్కడ పడిందో కనబడలేదు.

వెనక్కి వచ్చి పెద్దమ్మ పక్కన నిలబడ్డాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతి నిండా మట్టి.

"అన్నీ ఆయనెంబడే పోయినయి కొడుకా. ఆ ఒక్కటే సిటీల ఉండిపాయె. మంచిగ చూసుకుంటున్నరా వాళ్లు?"

"మంచిగున్నది పెద్దమ్మా" అన్నాను.